వెళ్ళే సంచి, వచ్చే సంచి

భుజాన్ని చేసిన దేవునికి స్తోత్రం. మెడకూ చేతికీ మధ్య కాస్త చోటు ఉంచి, బిడ్డనైనా బరువునైనా మనిషి అక్కడ ఆనించుకునేలా ఆయన చేశాడు. తప్పిపోయిన గొర్రె దొరికినప్పుడు కాపరి దాన్ని తాడు కట్టి ఈడ్చుకురాలేదు, భుజాల మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. ప్రధాన యాజకుడు తన జనం పన్నెండు గోత్రాల పేర్లన్నీ రాళ్ళ మీద చెక్కించి భుజాల మీదే ధరించాడు. దేవుని ఆజ్ఞల పలకలున్న మందసాన్ని బండెక్కిస్తే, దాన్ని పట్టబోయినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడని వాక్యం చదివినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. అది భుజాల మీద నడవవలసిందే. అంత శ్రద్ధతో చేసిన భుజాన్ని నేను ఒక నులక తాడుతో పాడుచేసుకున్నాను. దాన్ని బాగుచేసినందుకు మహిమ ఆయనకే. అందుకు ఆయన నా భార్యనూ, గుర్రాలకు జీనులు కుట్టే ఒక సాయిబునూ, ఒక గుమ్మడికాయనూ వాడుకున్నాడు.

డెబ్బైల దశకం నడిమి సంవత్సరాల్లో మా సంఘంవాళ్ళు నన్ను ఉదయగిరికి సువార్తికుడిగా పంపారు. అప్పటికి మాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. కొండ కనిపించేటట్టు ఒక చిన్న ఇల్లు తీసుకున్నాం. సీతారామపురం వైపు, వరికుంటపాడు వైపు పల్లెల్లో అక్కడొక కుటుంబం ఇక్కడొక కుటుంబంగా ఉన్న విశ్వాసులను వెళ్ళి కలుసుకోవడం, కూటం పెట్టడం, పిల్లలకు పాటలు నేర్పడం, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం నా పని. బస్సు పోయినంత దూరం బస్సులో, ఆ తర్వాత నడక. ఒకసారి బయలుదేరితే వారం దాకా ఇంటి ముఖం చూసేవాణ్ణి కాదు. దీన్ని మేం రౌండు అనేవాళ్ళం.

రౌండుకు పోయే సంచి టార్పాలిన్ గుడ్డది. పాటల పుస్తకాలు, వాక్యగ్రంథం, బల్లకు వాడే గిన్నెలు, ద్రాక్షరసం సీసా, గోడకు తగిలించి చూపించే బొమ్మల పటాల చుట్ట, తాళాలు, కంజీర, నా బట్టలు అన్నీ అందులోనే. దానికి పట్టీ అంటే రెండు పేటలుగా పేనిన నులక తాడు. ఎండాకాలం చెమటకు అది ఉబ్బి, వానాకాలం తడిసి, చలికాలం బిగిసి, ఏ కాలానికి తగ్గట్టు ఆ కాలంలో నా కుడి భుజాన్ని కోసేది. సేవకు పోయేవాడు నొప్పి గురించి మాట్లాడకూడదని నా పట్టుదల. రెండేళ్ళు తిరిగేసరికి చెయ్యే మాట్లాడింది.

కూటం చివర రెండు చేతులూ పైకెత్తి దీవెన చెప్పడం మా ఆచారం. సీతారామపురం దగ్గర ఒక పల్లెలో ఆ రోజు నా ఎడమ చెయ్యి పూర్తిగా లేచింది, కుడి చెయ్యి రొమ్ము దగ్గరే ఆగిపోయింది. నేను ఆమెన్ అనీ అనకముందే ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ అందుకుంది.

"ఏం నాయనా, మగోళ్ళ పక్క చెయ్యి అంత బాగా లేచినాది. మా ఆడోళ్ళ పక్కదేమో సగంలో నిలబడిపోయినాది. మేమేం చేసినాం?"

"నొప్పమ్మా," అన్నాను.

"అయితే ఈ పొద్దు దీవెన అరకొరేనంటావు."

"అట్టా కాదవ్వా. దీవించేది దేవుడు. నా చెయ్యి కాదు."

"ఆయనకి తెలుసులే. మాకు కనపడాల గదా!" అంది. కూటమంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ తిరుగు దారిలో ఆ మాట సంచికంటే బరువుగా ఉంది.

పల్లె కబురు ఆత్మకూరు చేరడానికి బస్సు అక్కరలేదు. అక్కడ మా మీద పెద్దగా ఉన్న అయ్యగారు నన్ను పిలిపించారు. ఆయన బడిపంతులుగా చేసి సేవకు వచ్చినవారు, భారీ మనిషి, మెత్తని మనసు. నా చెయ్యి ఎత్తించి చూశారు, దించించి చూశారు.

"ఎండాకాలం సభల్లో ఎవరికి ఏ ఊరో చదువుతాం గదా, అప్పటిదాకా చూస్తాను. అప్పటికీ ఇట్టాగే ఉంటే ఆత్మకూరు వచ్చేయ్. ఆదివారం బడి చూసుకో. నీడపట్టున ఉంటావు."

"రౌండెవరు చేస్తారయ్యా?"

"ప్రభువు ఎవర్నో ఒకర్ని లేపుతాడు."

ఆయన మాటను కాదనే విశ్వాసం నాకు లేదు, అవుననే ధైర్యమూ లేదు. నాకు ముందున్న సువార్తికుడు జ్వరంతో ఆ దారి వదిలి వెళ్ళాక ఎంతోకాలం దాకా ఎవరూ రాలేదు. ఆ మధ్యలో ఆ పల్లెల్లో పుట్టిన పిల్లలకు ప్రార్థన చేసినవారు లేరు, కుదిరిన పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, ఒక పెద్దాయన చనిపోతే ఆయన కొడుకే తనకు తెలిసిన ఒకే ఒక పాట పాడి మన్ను వేశాడు. ఆ కొడుకు ఆ సంగతి నాకు చెప్పినప్పటినుంచి ఆ దారి నాది అనుకున్నాను. చెయ్యి లేవకపోతే ఆ దారి పోతుంది. నాకున్న దిగులంతా అదే.

ఆత్మకూరు డాక్టరు బరువు మోయవద్దన్నాడు. నా భార్య ఆ మాట విని, "మోసే పని మానేదేం లేదు గానీ, మోసే పద్ధతి మారుద్దాం," అంది. హాస్టల్లో చదువుకున్నప్పుడు ఆమె కుట్టుపని బాగా నేర్చుకుంది. నులక తాడు ఊడదీసి పొయ్యిలో పెట్టింది. మంచానికి వాడే నవారు రెండు పొరలు వేసి, మధ్యలో బూరుగు దూది కూరి, దిండులాంటి పట్టీ కుట్టింది. మొదటి రోజు దాని మీద తల పెట్టి నిద్రపోవాలనిపించింది. రెండో రోజుకు చెమట తాగి దూది ఉండలు కట్టింది. మూడో రోజుకు భుజం మీద నిమ్మకాయలు పెట్టుకుని నడుస్తున్నట్టుంది.

"దూదిది తప్పు," అంది ఆమె.

"చెమటది," అన్నాను.

"చెమట మీదే గదా!"

అప్పుడు మాకు ఆత్మకూరు సాయిబు గుర్తొచ్చాడు. ఆయన జట్కాలు ఆగే చోట చిన్న అంగడి పెట్టుకుని గుర్రాలకు జీనులూ పట్టీలూ కుట్టేవాడు. బస్సులు ఎక్కువై జట్కాలు తగ్గుతుండడంతో గిరాకీ పలచబడి, వచ్చిన మనిషిని మాటలతో కాసేపు ఆపుకునేవాడు. నా చొక్కా పక్కకు జరిపి భుజం మీది వాత చూసి నాలుక చప్పరించాడు.

"ఏంది అయ్యగారూ ఇది? గుర్రానికి నేను ఇట్టా చేసింటే జట్కావోడు నన్ను బజార్లో నిలబెట్టి కొట్టింటాడు."

"గుర్రానికి అడిగేవాడున్నాడు సాయిబు గారూ. నాకెవరున్నారు?"

"అల్లా ఉండాడు గదా."

"ఉన్నాడు. ఆయనే మీ దగ్గరికి పంపించాడు."

"అట్టయితే సంచి నింపి తీసుకురా. బరువు చూడకుండా నేను సూది పట్టను."

మరుసటి వారం రౌండుకు పోయేటట్టే అన్నీ సర్ది తీసుకెళ్ళాను. ఆయన ఎత్తి చూశాడు, నా భుజానికి తగిలించి చూశాడు, నన్ను అంగడి ముందు అటూ ఇటూ నడిపించాడు. నాలుగు వేళ్ళ వెడల్పున కింద నవారు, మధ్యలో దూదికి బదులు పాత కంబళి ముక్కలు పొరలు పొరలుగా, పైన మెత్తటి తోలు. పొడుగు తగ్గించుకోవడానికి ఒక ఇత్తడి బకిలు. కుడి నుంచి ఎడమకు మార్చుకోవచ్చు. వేసుకుంటే సంచి వీపుకు అతుక్కుని మనిషిలో భాగంలా ఉంది.

ఉదయగిరిలో మా సంఘపెద్ద ఒకాయనకు అది నచ్చలేదు. "గుర్రపు సరంజామా దేవుని సేవకుడి ఒంటి మీదనా?" అని ఆరాధన అయ్యాక అందరిముందూ అడిగాడు.

నా భార్య నాకంటే ముందే జవాబిచ్చింది. "ప్రభువు గాడిదెక్కి పట్నంలోకి వచ్చినప్పుడు ఎవురూ అడగలేదు మామా. మీరే మొదలు." ఆయన తన ఊతకర్ర తీసుకుని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ రౌండు వెళ్ళేటప్పుడు నా ఆనందం చెప్పతరం కాదు. దారి పొడుగునా పాడుకుంటూ పోయాను. వచ్చేటప్పుడు ఏడుపొక్కటే తక్కువ.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. విశ్వాసుల ఇళ్ళలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన కుండలో వేస్తారు. అది దేవుని పనికి. సేవకుడు వచ్చిన రోజున ఆ కుండ అతని సంచిలో వంపుతారు. మెట్ట పల్లెల్లో బియ్యం లేని ఇంటివాళ్ళు సజ్జలు వేస్తారు. చెనక్కాయల కాలంలో చెనక్కాయలు, కందుల కాలంలో కందులు. వద్దంటే నొచ్చుకుంటారు, ఎందుకంటే అది నాకు ఇచ్చింది కాదు. ఆ రౌండులో చివరి పల్లెలో ఒకామె గుమ్మడికాయ కూడా ఇచ్చింది. పుస్తకాలు బల్లపరుపుగా వీపుకు ఆనుకుని ఉండేవి; బియ్యం అడుగుకు జారి సంచి పొట్ట దించింది, దాని మీద గుమ్మడికాయ అడుగడుగుకూ ఒక పక్కకు దొర్లింది. సాయిబు అంత బాగా కుట్టిన పట్టీ జారి జారి మెడ మొదట్లోకి వచ్చి కూర్చుంది. ఇంటికి చేరేసరికి తల ఒక పక్కకు వాలిపోయింది. అన్నం ముద్ద కుడి చేత్తో నోటిదాకా ఎత్తలేకపోయాను.

నా భార్య కంచం వైపు చూసింది, నా వైపు చూసింది. చెంచా తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"సాయిబన్న ఏ సంచి చూసి కుట్టినాడు?"

"ఏ సంచేంది? నేను మోసేదే."

"పొయ్యేదా, వచ్చేదా?"

నేను నమలడం ఆపాను.

"వచ్చేటప్పుడు బియ్యముంటాయని ఆయనకి చెప్పినారా?"

చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, ఆ మాట నోటికి రాలేదు. మా పెంపకం అటువంటిది. సేవకుడు తాను తీసుకుపోయేదాని గురించి మాట్లాడతాడు, తెచ్చుకునేదాని గురించి మాట్లాడడు. సభల్లో సాక్ష్యం చెప్పినా అంతే: ఎన్ని కూటాలు, ఎన్ని బాప్తిస్మాలు. ఎన్ని శేర్ల సజ్జలు అని ఎవరూ సాక్ష్యం చెప్పరు. సంచి నింపి తీసుకురమ్మని సాయిబు అంటే నా మనసులో ఉన్న సంచి ఒక్కటే, అది వెళ్ళే సంచి. సగం దారికి కొలత ఇచ్చి వచ్చాను.

"రేపు నేనూ వస్తా," అంది ఆమె. తెచ్చిన బియ్యం, చెనక్కాయలు, గుమ్మడికాయ అన్నీ మళ్ళీ సంచిలో పెట్టింది. బస్సులో కండక్టరు గుమ్మడికాయను చూసి, "చుట్టాలింటికా అమ్మగారూ?" అన్నాడు. "జీనుకి కొలత ఇచ్చేదానికి," అంది. అతను రెండు టికెట్లు చించి ఇచ్చి ముందుకు పోయాడు.

సాయిబు సంచి విప్పి చూసి తల పట్టుకున్నాడు. "ఇది సంచేనా, సంతనా? మొన్న నువ్వు చూపించింది ఇది కాదు గదయ్యా!"

"అది పోయే సంచి సాయిబన్నా. ఇది వచ్చే సంచి," అంది నా భార్య. "ఈ బరువు భుజం మీద నిలవదు. మేం నీళ్ళ బిందె భుజాన పెట్టుకుంటామా? నడుమున పెట్టుకుంటాం. చెయ్యి ఊరికే పట్టుకునేదానికే. ఈయన సంచి కూడా నడుం మీద కూర్చోవాల. భుజం పట్టుకుంటే చాలు."

సాయిబు సూది చెవి వెనక పెట్టుకుని ఆలోచించాడు. "నిజమే చెల్లెమ్మా. ఇన్నాళ్ళూ గుర్రాలకి కుట్టినా. గుర్రానికి నడుమేది, నాకు ఆ మాట తట్టేదానికి?"

సంచి కింది మూలల నుంచి ముందుకు వచ్చి కట్టుకునే నడుం పట్టీ ఒకటి కత్తిరించాడు. గుర్రానికి బిగించే అలవాటు కొద్దీ దాన్ని నా పొట్ట మీదుగా బిగించాడు. సంచి కదలకుండా కూర్చుంది గానీ నాకు ఊపిరి ఆడలేదు.

"నడువు," అన్నాడు. నడిచాను. "ఎట్టుండాది?"

"నడవగలను. పాడలేను."

"పాడేదెందుకు?"

"దారిలో పాడకుండా ఎట్లా పోతాను సాయిబు గారూ?"

"అయితే పాడు. చూస్తా."

జట్కాల మధ్య, గుమ్మడికాయ వీపున పెట్టుకుని, పల్లవి ఎత్తుకున్నాను. మొదటి చరణంలోనే ఊపిరి తెగింది. జట్కావాళ్ళు చుట్టూ మూగారు. సాయిబు చెవి ఒగ్గి విని, "పాట బాగుండాది, పట్టీ బాగలేదు. రెండు వేళ్ళు కిందికి దించుతా," అన్నాడు. దించి మళ్ళీ పాడమన్నాడు. ఇంకొంచెం దించాడు. పట్టీ తుంటి ఎముక మీదికి వచ్చేసరికి చరణం ఆసాంతం ఒక్క ఊపిరిలో వచ్చింది. ఒక జట్కావాడు, "ఇంకోటి పాడయ్యా, గిరాకీ ఎట్టాగూ లేదు," అన్నాడు. ఇంకోటి పాడాను.

ఇంటికి వచ్చాక నా భార్య సంచి లోపల నిలువుగా ఒక గుడ్డ అడ్డం కుట్టింది. బియ్యం వీపు పక్కకు, పుస్తకాలు బయటి పక్కకు. గుండ్రటి వస్తువు ఏదైనా ఇస్తే కదలకుండా కట్టడానికి లోపలే రెండు నాడాలు. దాన్ని వేసుకుని ఉదయగిరి వీధిలో పోతుంటే, "అయ్యగారు కండక్టరైనారే! వరికుంటపాడుకి ఒక టికెట్టు," అని టీ అంగట్లోంచి కేకలు. "పరలోకానికైతే ఇస్తాను, దిగేది లేదు," అనేవాణ్ణి.

బరువు నడుముకు దిగాక భుజం నెమ్మదిగా తేరుకుంది. రోజూ గోడకు చెయ్యి ఆనించి వేళ్ళతో పైకి పాకించేవాణ్ణి. నా భార్య సుద్దముక్కతో అక్కడ గీత గీసేది. గీత ఎక్కుతోంది గానీ సభలు దగ్గర పడుతున్నాయి.

సభలకు ముందు చివరి రౌండుకు ఆత్మకూరు పెద్దయ్యగారు తానూ వస్తానన్నారు. "నీ పట్టీ సంగతి నలుగురూ చెప్పుకుంటున్నారు. చెయ్యి సంగతి నేను చూడాల," అన్నారు. ఆయన వస్తున్నారని తెలిసి పల్లెల్లో గుప్పెటి కుండలతో ఆగలేదు. కందులు ఇచ్చేవాళ్ళు రెండింతలు ఇచ్చారు, ఒకచోట కాళ్ళు కట్టిన కోడిపుంజును నా సంచి మూతలోంచి తల బయటికి ఉండేటట్టు కూర్చోబెట్టారు. పెద్దయ్యగారు తన గొడుగు మాత్రం పట్టుకుని వెనక నడుస్తూ, "ఆగుదామా?" అని అడిగేవారు. ఎండకు ఆయనే ఎక్కువ సార్లు ఆగారు.

సీతారామపురం దగ్గరి ఆ పల్లెలోనే చివరి కూటం. పెద్దవారు వచ్చినప్పుడు దీవెన చెప్పేది పెద్దవారే, అది మర్యాద. నేను వాక్యం చెప్పి పక్కకు తప్పుకున్నాను. ఆయన లేచి నిలబడి, అందరినీ చూసి, నావైపు తిరిగి, "దీవెన మీరివ్వండి," అన్నారు.

నాకు అర్థమైంది. సభల్లో చెప్పబోయే తీర్పు ఇక్కడే, ఈ పందిరి కిందే. మనసులో ప్రభువును పిలుచుకుని రెండు చేతులూ ఎత్తాను. ఎడమది ఎప్పటిలాగే లేచింది. కుడిది రొమ్ము దాటింది, భుజం దాటింది, చెవి దగ్గరకు వచ్చి నిలబడింది. అక్కణ్ణించి పైకి పోలేదు. కిందికీ రాలేదు. దీవెనలోని మాటలు నేను ఎప్పుడూ అంత నిదానంగా చెప్పలేదు, ఎందుకంటే ప్రతి మాటకూ ఆ చెయ్యి నిలబడుతుందా అని చూసుకుంటూ చెప్పాను. ఆమెన్ అన్నాక చూస్తే ఆడవాళ్ళ పక్క తలలు ఇంకా వంగే ఉన్నాయి. సంచిలోని పుంజు ఒక్కటే నోరెత్తింది.

పెద్దయ్యగారు గొడుగు తీసుకుని బయలుదేరారు. బస్సు ఎక్కే చోటుకు వచ్చాక, "ఏదీ, ఒకసారి ఇయ్యి," అని సంచి తీసుకుని తానే తగిలించుకున్నారు. భుజం పట్టీ సరిపోయింది. నడుం పట్టీ ఆయన పొట్ట చుట్టూ రెండు చివరలూ కలవలేదు. ఎంత లాగినా కలవలేదు. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది నీ కొలతకే కుట్టినారు. ఇంకెవరికీ పట్టదు," అన్నారు. "సభల్లో నీ పేరు ఉదయగిరి దగ్గరే చదువుతాను. నువ్వే చెయ్యి ఈ రౌండు."

నేను రోడ్డు పక్కనే మోకాళ్ళు వంచబోయాను. "సంచి తీసుకుని వంచు, లేకుంటే నేను పడతా," అన్నారాయన.

ఎనభైల నడుమ ఆ పల్లెల్లో కొన్నింటికి బస్సు పడేదాకా నేను ఆ దారి నడిచాను. సంఘంలో కొత్తగా వచ్చిన సువార్తికులు కొందరు నా భార్య దగ్గరికి వచ్చి కొలతలు తీసుకుపోయేవారు. ఆమె అందరినీ ఒకే మాట అడిగేది: వాళ్ళు మీకేమిస్తారో అది ముందు చెప్పండి, తర్వాత కుడతాను. కొందరు సిగ్గుపడేవారు. చెప్పేదాకా ఆమె కత్తెర పట్టేది కాదు.

నా కుడి చెయ్యి ఇప్పటికీ చెవి దాటదు. దాని గురించి ఎవరినీ ప్రార్థించమని అడగను. ఆ మేరకు ఆయన ఇచ్చింది నాకు చాలింది. అడిగేది వేరే ఉంది. ఇది చదువుతున్నవారు ఇంట్లో ఉన్నా, బస్సులో ఉన్నా, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలవండి. ప్రభువా, ఇవాళ ఆ మెట్ట దారుల్లో ఎవరు నడుస్తున్నారో నీకు తెలుసు. వారి నడుముకు బలమియ్యి, పాటకు ఊపిరి మిగుల్చు. తమ పిల్లల అన్నంలోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టే ఆ తల్లుల కుండలు ఖాళీ కానియ్యకు. ఎవరూ రాని పల్లెకు ఎవరినైనా పంపు. మా చేతులు ఎంతవరకు లేస్తే అంతవరకు ఎత్తి అడుగుతున్నాం, ఆలకించు. ఆమెన్ అని మీరూ అనండి.